ఆసుపత్రి కార్యాలయ నిర్వహణ : నేర్చుకోవలసిన విద్య

ఆసుపత్రి అనగానే మన మనస్సులో మెదిలేవి తెల్లకోటు, స్టెతస్కోపు, సూదిమందు. కాని రోగి ఆసుపత్రి మెట్లెక్కగానే మొదట చూసేది డాక్టరును కాదు, ఓ.పి. చీటీ రాసే గుమాస్తాను. ఇంటికి వెళ్ళేముందు చివరగా చూసేదీ బిల్లు కట్టించుకునే గుమాస్తానే. ఈ ఇద్దరి నడుమ జరిగే చికిత్స అంతా ఎవరో ఒకరు రాసిన కాగితాల ఆధారంగానే సాగుతుంది. అయినా ఈ పనిని చాలాకాలంగా "ఎవరైనా చెయ్యగల పని" గానే లెక్కగడుతూ వచ్చాం. డిగ్రీ పూర్తయి, వేరే ఉద్యోగం దొరకక, తెలిసినవాళ్ళ సిఫారసుతో కౌంటరులో కూర్చున్నవాళ్ళు పక్కవాణ్ణి చూసి నేర్చుకున్నదే చదువు.

నేనూ బి.కాం. పట్టా పుచ్చుకుని ఈ రంగంలోకి వచ్చినవాణ్ణే. ఓ.పి. కౌంటరు మొదలు రికార్డు గది దాకా అన్ని బల్లల దగ్గరా పనిచేశాను. ఆ అనుభవంతో విద్యార్థి మిత్రులకు ఒక్క విషయం మనవి చేయదలచుకున్నాను. ఆసుపత్రి కార్యాలయంలో పని చికిత్సకు అనుబంధం కాదు, చికిత్సలో భాగమే. అక్కడ అక్షరం తప్పితే ఆ ఫలితం రోగి శరీరం మీదనో, అతని కుటుంబం మీదనో పడుతుంది. అందుచేత దీనిని పద్ధతిగా నేర్చుకోవలసిందే.

కొంచెం చరిత్ర

క్రిమియా యుద్ధంలో క్షతగాత్రులకు సేవ చేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను మనం దీపం పట్టుకున్న మహిళగానే తలుచుకుంటాం. ఆమె గణాంకశాస్త్రంలోనూ దిట్ట. ఆసుపత్రులన్నీ ఒకే నమూనాలో లెక్కలు రాయాలని 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ఆమె ప్రతిపాదన పంపింది. ఎవరి పద్ధతిలో వారు రాసుకుంటే ఏ ఆసుపత్రిలో మరణాలు ఎక్కువో, ఎందుకు ఎక్కువో పోల్చి చూడడానికి వీలుండదని ఆమె వాదం. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త బెర్తియోఁ తయారుచేసిన మరణకారణాల జాబితా అంతర్జాతీయ ఆమోదం పొందింది. అదే పెరిగి పెరిగి నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించే వ్యాధుల వర్గీకరణ అయింది. దీన్నే మనం ఐ.సి.డి. అంటాం. దాని 10వ కూర్పులో రక్తపోటుకు గుర్తు ఐ10, రెండవ రకం మధుమేహానికి ఇ11, ఉబ్బసానికి జె45. శ్రీకాకుళంలో డాక్టరుగారు "బి.పి." అని రాసినా, ఆదిలాబాద్‌లో డాక్టరుగారు "హైపర్‌టెన్షన్" అని రాసినా రికార్డు గదిలో రెండూ ఐ10 కిందికే చేరాలి. ఈ గుర్తులు వేసేవాడు డాక్టరు కానక్కరలేదు. కాని డాక్టరు రాసింది చదివి అర్థం చేసుకోగలవాడై ఉండాలి.

పేరు రాయడం

ఈ విద్యలో మొదటి పాఠం పేరు రాయడం. ఇదేం గొప్ప అనుకోవచ్చు గాని, మన తెలుగువాళ్ళ పేర్లు రాయడం ఒక చిన్న శాస్త్రమే. ఒక కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో సొంతపేరు వెనక్కి పోతుంది. పెళ్ళయిన ఆడపిల్లకు ఒక కాగితంలో పుట్టింటి పేరు, మరో కాగితంలో అత్తింటి పేరు. ఒకచోట లక్ష్మి, ఇంకోచోట లక్ష్మమ్మ, మరోచోట లక్ష్మీదేవి. ఇంగ్లీషు అక్షరాలలోకి మార్చేటప్పుడు వెంకటేశ్వర్లు ఎన్ని అవతారాలు ఎత్తుతాడో చెప్పలేం.

ఒకే వార్డులో ఇద్దరు సుబ్బమ్మలు ఉండడం మనవైపు వింత కాదు. ఒకరి రక్తం గ్రూపు కాగితం రెండోవారి కేస్‌షీటులో చేరితే ఏమవుతుందో వేరే చెప్పాలా! అందుకే ఎక్కడైనా పాటించవలసిన నియమం ఒకటుంది. రోగిని గుర్తించడానికి కనీసం రెండు ఆధారాలు కావాలి. ఒకటి పూర్తి పేరు, రెండవది ఆసుపత్రి నంబరో, పుట్టిన తేదీయో. మంచం నంబరు ఆధారం కాదు, ఎందుకంటే మంచాలు మారుతూ ఉంటాయి.

అడిగే పద్ధతిలో కూడా చదువు ఉంది. "నీ పేరు వెంకమ్మేనా?" అని అడగకూడదు. చెవులు సరిగా వినబడని ముసలమ్మ ఏది అడిగినా తల ఊపుతుంది. "నీ పేరేంటమ్మా? ఏ ఊరు? కార్డులో ఏ పేరుంది?" అని అడిగి ఆమె నోటితోనే చెప్పించుకోవాలి. కొత్త నంబరు ఇచ్చేముందు ఫోను నంబరుతో, ఊరిపేరుతో, తండ్రి లేక భర్త పేరుతో వెతికి పాత నంబరు ఉందేమో చూడాలి. ఒకే మనిషికి రెండు నంబర్లు ఉంటే అతనికి ఫలానా మందు పడదని పాత కేస్‌షీటులో రాసిన మాట కొత్త డాక్టరు కంట పడదు. దేశమంతటికీ పనికివచ్చేలా 2021లో అమలులోకి వచ్చిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఇస్తున్నారు. దాని ప్రయోజనం కూడా కౌంటరులో పేరు సరిగా రాసినప్పుడే నెరవేరుతుంది.

నాకు తెలిసిన ఒక ఉదంతం చెబుతాను. ఒక పట్టణంలోని ఆసుపత్రిలో ఒక కూలీ చనిపోయాడు. చేర్పించేటప్పుడు వెంట వచ్చిన పక్కింటాయన ఊళ్ళో అందరూ పిలిచే పేరు చెప్పాడు, గుమాస్తా అదే రాసుకున్నాడు. కేస్‌షీటు, మరణ నివేదిక, మునిసిపాలిటీ ఇచ్చిన ధ్రువపత్రం అన్నీ ఆ పేరుతోనే నడిచాయి. భార్య దగ్గరున్న బీమా కాగితంలో, ఆధార్‌లో వేరే పేరుంది. వితంతు పింఛనుకు వెళితే "ఇతను అతనేనని రుజువేమిటి?" అన్నారు. బీమావాళ్ళూ అదే అడిగారు. జనన మరణాల చట్టం ప్రకారం తప్పును సరిదిద్దించుకునే వీలుంది, నిజమే. కాని కూలికి వెళ్తేగాని పొయ్యి వెలగని మనిషి అఫిడవిట్ల కోసం, సాక్షుల కోసం నెలల తరబడి తిరగవలసి వచ్చింది. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. "కార్డులో ఏ పేరుంది?" అనే ఒక్క ప్రశ్న అడగవలసినచోట అడగలేదు, అంతే.

పుట్టిన బిడ్డ విషయంలోనూ ఇంత జాగ్రత్తా అవసరం. 1969 నాటి చట్టం ప్రకారం జననాన్ని, మరణాన్ని 21 రోజులలోగా తెలియజేయాలి. ఆసుపత్రిలో జరిగితే తెలియజేసే బాధ్యత ఆసుపత్రిదే. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు ఓటు, ఉద్యోగం దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అంటే ప్రసూతి వార్డు గుమాస్తా ఇవాళ రాసిన తేదీ ఆ బిడ్డ వెంట జీవితాంతం నడుస్తుంది.

రికార్డు గది

రికార్డు గదిలో ముఖ్యమైనది దాచడం కాదు, అడిగిన వెంటనే తీసి ఇవ్వడం. కేస్‌షీట్లను నంబర్ల వరుసన పేర్చుకుంటూ పోతే కొత్తవన్నీ చివరి అలమారాలోనే చేరతాయి. పనివాళ్ళందరూ అక్కడే ఒకరినొకరు తోసుకుంటారు. దీనికి విరుగుడుగా పెద్ద ఆసుపత్రులలో చివరి అంకెల పద్ధతి పాటిస్తారు. ఉదాహరణకు నంబరు 24-37-68 అనుకోండి. చదవడం వెనుకనుంచి మొదలుపెట్టాలి. ముందు 68వ విభాగానికి వెళ్ళాలి, అందులో 37వ వరుస చూడాలి, ఆ వరుసలో 24వ ఫైలు తీయాలి. చివరి రెండంకెలు 00 నుంచి 99 వరకు ఉంటాయి గనుక గది నూరు విభాగాలవుతుంది. కొత్త ఫైళ్ళు నూరింటిలోనూ సమంగా సర్దుకుంటాయి. ఫైలు బయటికి ఇస్తే దాని స్థానంలో ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో రాసిన అట్టముక్క ఉంచాలి. ఈ చిన్న అట్టముక్క లేకనే సగం ఫైళ్ళు పోతాయి.

తప్పు రాస్తే తెల్లరంగు పూయకూడదు, బ్లేడుతో గీకకూడదు. చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీతో సంతకం చేయాలి. "రాత్రి 12 గంటలు" అని రాస్తే అది ఏ తేదీ కిందికి వస్తుందో తేలదు కాబట్టి 24 గంటల పద్ధతిలో సమయం వేయాలి. కంప్యూటరు వచ్చినా ఈ నియమాలు మారలేదు. ఒకరి పాస్‌వర్డుతో మరొకరు పనిచేయడమంటే ఒకరి సంతకం మరొకరు పెట్టడమే.

చట్టం ఎంత తెలియాలి?

గుమాస్తా లాయరు కానక్కరలేదు. కాని కొన్ని సంగతులు కంఠస్థం కావాలి. భారత వైద్యమండలి 2002లో చేసిన నియమాల ప్రకారం చేరిన రోగి రికార్డును చికిత్స మొదలైన తేదీ నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి గాని, అతను అధికారమిచ్చిన వ్యక్తి గాని అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. "పెద్ద డాక్టరుగారు ఊళ్ళో లేరు, వచ్చేవారం రండి" అనే జవాబుకు ఇక్కడ తావులేదు.

ప్రమాదం, విషం, కాలిన గాయాలు, కొట్లాట వంటి కేసులలో మెడికో లీగల్ రిజిస్టరు రాసి పోలీసులకు తెలియజేయాలి. అయితే ముందు చికిత్స, తరువాతే కాగితాలు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. 1995లో వి.పి. శాంత కేసు తీర్పుతో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వచ్చింది. పరీక్ష కోసం ఇచ్చిన అంగీకారం ఆపరేషనుకు చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసు నిర్ణయించింది. కనుక అంగీకార పత్రం మీద ఖాళీలు వదిలేసి ముందుగానే వేలిముద్ర వేయించడం ఎంత ప్రమాదమో గ్రహించాలి.

లెక్కలు, బిల్లులు

కామర్సు విద్యార్థులకు ఇది తేలిక. 100 మంచాల ఆసుపత్రిలో 30 రోజులకు 3000 మంచపు రోజులు. ప్రతి అర్ధరాత్రీ వార్డులలో తలలు లెక్కపెట్టి నెలాఖరుకు కూడితే 2400 వచ్చిందనుకుందాం. మంచాలు 80 శాతం నిండాయన్నమాట. ఆ నెల 480 మంది డిశ్చార్జి అయితే ఒక్కొక్కరు సగటున 5 రోజులు ఉన్నారు. ఎన్ని దుప్పట్లు ఉతకాలి, ఎంతమంది సిస్టర్లు కావాలి, ఎన్ని సెలైన్ సీసాలకు ఇండెంటు పెట్టాలి అనేవన్నీ ఈ అంకెల మీదే ఆధారపడతాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం మన ఆసుపత్రి కార్యాలయాల స్వరూపాన్నే మార్చింది. చికిత్సకు ముందు అనుమతి, తరువాత క్లెయిము, రెండింటికీ కాగితాలు కావాలి. ఒక్క రిపోర్టు తగ్గినా ఫైలు వెనక్కి వస్తుంది. అనుమతి ఆలస్యమయ్యే కొద్దీ ఆపరేషను ఆలస్యమవుతుంది. ఆ పూట గుమాస్తా చురుకుదనమే ఆ పేదరోగికి మందు.

మాట, గోప్యత

కౌంటరుకు వచ్చే మనిషి సగం భయంతో, సగం అప్పుతో వస్తాడు. "అటు పోవయ్యా" అన్నా ఒకటే, "కుడివైపు మూడో గది, అక్కడ సిస్టరుగారున్నారు పెద్దాయనా" అన్నా ఒకటే కాలం పడుతుంది. ఇక "నీకేం జబ్బు?" అని పదిమంది వరుసలో ఉండగా గట్టిగా అడగడం అన్నిటికంటే పెద్ద తప్పు. హెచ్.ఐ.వి. ఉన్నవారి వివరాలు వెల్లడి చేయకూడదని 2017 చట్టం ప్రత్యేకంగా నిర్దేశించింది. చట్టం చెప్పినా చెప్పకపోయినా, గర్భస్రావమైనా, క్షయ అయినా, మానసిక వ్యాధి అయినా బల్ల దగ్గర విన్నది బల్ల దగ్గరే ఉండాలి. సొంత ఊరివాడి ఫైలు చేతికి వచ్చినప్పుడు ఈ నిగ్రహానికి అసలు పరీక్ష.

ఎలా నేర్చుకోవాలి?

సైన్సు చదవనివారు వైద్య పదాలను చూసి బెదిరిపోనక్కరలేదు. అవి ముక్కలు ముక్కలుగా అతికిన మాటలు. చివర "ఐటిస్" ఉంటే వాపు, "ఎక్టమీ" ఉంటే కోసి తీసివేయడం. అపెండిసైటిస్ జబ్బు, అపెండిసెక్టమీ దాని ఆపరేషన్. "హైపర్" అంటే ఎక్కువ, "హైపో" అంటే తక్కువ. ధ్వని దగ్గర, అర్థం తలకిందులు. ఇలాంటి ముక్కలు ఒక వంద నేర్చుకుంటే కేస్‌షీటు చాలావరకు మాట్లాడడం మొదలుపెడుతుంది. అర్థం కానిది ఊహించి రాయకూడదు. డాక్టరుగారు విసుక్కున్నా సరే, వెళ్ళి అడగాలి.

శిక్షణ కావాలనుకునేవారికి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వంటి చోట్ల మెడికల్ రికార్డుల కోర్సులున్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆసుపత్రి నిర్వహణలో పోస్టుగ్రాడ్యుయేట్ చదువు ఉంది. కోర్సు చేసినా చెయ్యకపోయినా, ఉద్యోగంలో చేరినవాడు ఒకే బల్లకు అతుక్కుపోకుండా కొన్నాళ్ళు ఓ.పి. కౌంటరులో, కొన్నాళ్ళు వార్డులో సిస్టర్ల పక్కన, కొన్నాళ్ళు రికార్డు గదిలో, కొన్నాళ్ళు బిల్లుల దగ్గర పనిచేయాలని నా సలహా. తాను రాసిన చీటీ తరువాత ఎవరి చేతికి వెళుతుందో, దానితో వాళ్ళేం చేస్తారో కళ్ళారా చూసినవాడు మళ్ళీ దాన్ని నిర్లక్ష్యంగా రాయలేడు.

మన కళాశాల నుంచి ఏటా ఎంతోమంది పట్టభద్రులు ఉద్యోగాల వేటలో బయటికి వస్తున్నారు. వైద్యులు కాలేకపోయామని బాధపడే మిత్రులు వారిలో కొందరైనా ఉంటారు. వారిని ఈ వైపు కూడా ఒకసారి చూడమని కోరుతున్నాను. ఇందులో జీతం మొదట్లో పెద్దగా ఉండదు, గౌరవం కూడా అడగ్గానే రాదు. కాని పేరు సరిగా రాసినందువల్ల ఒక వితంతువుకు పింఛను ఆగకుండా వచ్చిందన్న తృప్తి ఈ బల్ల దగ్గరే దొరుకుతుంది.