డీఎల్‌ఎల్ మిస్సింగ్ అని ఎర్రర్ వచ్చిందా? ఆ ఫైల్ డౌన్‌లోడ్ చేసే ముందు ఇది చదవండి

కొత్త గేమ్ డౌన్‌లోడ్ అవ్వడానికి రాత్రంతా పట్టింది. పొద్దున్నే లేచి ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే గేమ్ రాలేదు, చిన్న బాక్స్ ఒకటి వచ్చింది. ఎంఎస్‌వీసీపీ140.డీఎల్‌ఎల్ అనే ఫైల్ దొరకలేదు, అందుకే ప్రోగ్రామ్ ఓపెన్ కాదు అని అందులో ఉంది. వెంటనే మనం చేసే పని ఏంటి? ఆ పేరు గూగుల్‌లో కొడతాం. ఆ ఒక్క ఫైల్‌నే ఫ్రీగా ఇస్తామనే సైట్లు వరసగా కనిపిస్తాయి. డౌన్‌లోడ్ చేసి సిస్టమ్32 ఫోల్డర్‌లో పేస్ట్ చేస్తే పని అయిపోయినట్టే అనుకుంటాం.

అక్కడే ఆగండి. ఆ పని చేస్తే గేమ్ ఓపెన్ అవ్వొచ్చు, కాకపోవచ్చు. కానీ ఎవరు తయారు చేశారో తెలియని కోడ్‌ని మీ చేతులతో మీరే విండోస్ లోపల కూర్చోబెట్టినట్టు మాత్రం కచ్చితంగా అవుతుంది. అసలు ఈ డీఎల్‌ఎల్ ఫైల్స్ ఏంటి, ఎందుకు మిస్ అవుతాయి, సరైన రిపేర్ ఎలా చేయాలి అనేది ఈ ఆర్టికల్‌లో తెలుసుకుందాం.

డీఎల్‌ఎల్ అంటే ఏంటి?

డీఎల్‌ఎల్ అంటే డైనమిక్ లింక్ లైబ్రరీ. చాలా ప్రోగ్రామ్‌లకు కామన్‌గా అవసరమయ్యే కోడ్‌ని ఒక చోట పెట్టి, కావాల్సినప్పుడు అందరూ వాడుకునేలా చేసిన ఫైల్ అన్నమాట.

మన ఊళ్లో సప్లయర్స్ షాపుని గుర్తు తెచ్చుకోండి. పెళ్లి చేసే ప్రతి ఇల్లూ గుండిగలు, కుర్చీలు, షామియానా కొనుక్కోదు. అవన్నీ ఒక షాపులో ఉంటాయి. ఎవరింట్లో ఫంక్షన్ ఉంటే వాళ్లు తెచ్చుకుంటారు. విండోస్‌లో కూడా అంతే. ఫైల్ ఓపెన్ చేయడం, మెమరీ అడగడం లాంటి పనులకు కెర్నల్32.డీఎల్‌ఎల్ ఉంది. విండోలు, మౌస్ క్లిక్కుల వ్యవహారం యూజర్32.డీఎల్‌ఎల్ చూసుకుంటుంది. స్క్రీన్ మీద గీతలు, అక్షరాలు గీయడంలో జీడీఐ32.డీఎల్‌ఎల్ సాయం చేస్తుంది. నోట్‌ప్యాడ్ రాసినవాళ్లు, గేమ్ రాసినవాళ్లు ఈ పనులన్నీ మళ్లీ మొదటి నుంచి రాయక్కర్లేదు.

దీనివల్ల లాభం డిస్క్‌లో జాగా మిగలడం ఒక్కటే కాదు. పది ప్రోగ్రామ్‌లు ఒకే డీఎల్‌ఎల్ వాడుతుంటే, అందులోని కోడ్ ర్యామ్‌లో ఒకసారి ఉంటే చాలు, పదీ దాన్నే పంచుకుంటాయి. ఆ డీఎల్‌ఎల్‌లో సెక్యూరిటీ లోపం బయటపడితే ఒక్క అప్‌డేట్‌తో అన్ని ప్రోగ్రామ్‌లకూ రిపేర్ అందుతుంది.

నష్టం కూడా ఇందులోనే ఉంది. సప్లయర్స్ షాపుకి తాళం పడితే ఊళ్లో ఫంక్షన్లన్నీ ఆగుతాయి. ఒక్క డీఎల్‌ఎల్ పాడైతే దాని మీద ఆధారపడిన ప్రోగ్రామ్‌లన్నీ ఆగుతాయి.

డీఎల్‌ఎల్ హెల్: ఒకప్పటి నరకం

1990ల నాటి విండోస్‌లో ఒక పెద్ద తలనొప్పి ఉండేది. ఏ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినా, దాని ఇన్‌స్టాలర్ తనకు కావాల్సిన డీఎల్‌ఎల్‌ని సిస్టమ్ ఫోల్డర్‌లో ఉన్న దాని మీద రాసేయగలిగేది. పాత వెర్షన్ పోయి వేరే వెర్షన్ వస్తే, నిన్నటిదాకా బాగా పనిచేసిన ఇంకో సాఫ్ట్‌వేర్ ఈరోజు ఓపెన్ అయ్యేది కాదు. డెవలపర్లు దీనికి డీఎల్‌ఎల్ హెల్ అని పేరు పెట్టారు.

మైక్రోసాఫ్ట్ దీన్ని మెట్లు మెట్లుగా సరిచేసింది. విండోస్ 2000లో సిస్టమ్ ఫైల్స్‌ని ఎవరైనా మారిస్తే అసలు కాపీని తిరిగి పెట్టే ప్రొటెక్షన్ తెచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో ఒకే డీఎల్‌ఎల్ వేర్వేరు వెర్షన్లు పక్కపక్కనే ఉండేలా విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ వచ్చింది. విస్టా నుంచి ముఖ్యమైన సిస్టమ్ ఫైల్స్‌కి ఓనర్ మీరు కాదు, ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనే విండోస్ సర్వీస్. అందుకే అడ్మిన్ అకౌంట్‌తో డిలీట్ కొట్టినా పర్మిషన్ లేదని చెబుతుంది. అది విసిగించడానికి పెట్టింది కాదు. యూట్యూబ్‌లో చూసి ఓనర్‌షిప్ మార్చేసే ట్రిక్స్ వాడితే, ఆ కాపలాని మీరే తీసేసినట్టు.

సిస్టమ్32, సిస్‌వావ్64: పేర్లు చూసి మోసపోకండి

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. 64 బిట్ విండోస్‌లో, 64 బిట్ డీఎల్‌ఎల్‌లు ఉండేది సిస్టమ్32 ఫోల్డర్‌లో. 32 బిట్ డీఎల్‌ఎల్‌లు ఉండేది సిస్‌వావ్64లో. మీరు సరిగ్గానే చదివారు, పేర్లకి పూర్తిగా ఉల్టా. పాత ప్రోగ్రామ్‌ల కోడ్‌లో సిస్టమ్32 అనే పేరు పాతుకుపోయింది కాబట్టి మైక్రోసాఫ్ట్ దాన్ని అలాగే ఉంచింది. 64 బిట్ విండోస్ మీద 32 బిట్ ప్రోగ్రామ్‌లు నడిపే ఏర్పాటు పేరు వావ్64, రెండో ఫోల్డర్‌కి ఆ పేరు అలా వచ్చింది.

ఇది తెలియక 32 బిట్ ఫైల్‌ని తెచ్చి సిస్టమ్32లో పేస్ట్ చేస్తే, మిస్సింగ్ ఎర్రర్ పోయి 0ఎక్స్‌సీ000007బీ అనే కొత్త ఎర్రర్ రావచ్చు. 64 బిట్ ప్రోగ్రామ్‌కి 32 బిట్ డీఎల్‌ఎల్ దొరికినప్పుడు వచ్చే ఎర్రర్ ఇది. ఒక ప్రాసెస్‌లో ఈ రెండు రకాల కోడ్ కలవదు. అంటే రోగం తగ్గలేదు, పేరు మార్చుకుంది.

ఫ్రీ డీఎల్‌ఎల్ సైట్లతో అసలు ప్రమాదం

డీఎల్‌ఎల్‌ని డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగదు. దాంతో చాలామంది ఇది ఈఎక్స్ఈ కాదు కదా, ఏం చేస్తుందిలే అనుకుంటారు. నిజానికి డీఎల్‌ఎల్‌లో ఉండేది కూడా కోడే. ఏదైనా ప్రోగ్రామ్ దాన్ని లోడ్ చేసిన క్షణంలోనే అది రన్ అవ్వగలదు. ఆ ప్రోగ్రామ్‌కి ఏ పర్మిషన్లు ఉంటే దానికీ అవే ఉంటాయి. మీరు గేమ్‌ని అడ్మిన్‌గా రన్ చేస్తే ఆ డీఎల్‌ఎల్ కూడా అడ్మినే. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు, గేమింగ్ అకౌంట్లు కొట్టేసే మాల్వేర్‌కి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది?

ఇంకో విషయం. ఒక ప్రోగ్రామ్ డీఎల్‌ఎల్ పేరు మాత్రమే చెప్పి అడిగితే, విండోస్ దాన్ని ఒక వరసలో వెతుకుతుంది. కెర్నల్32 లాంటి కొన్ని ముఖ్యమైన వాటికి ముందే ఖరారైన లిస్ట్ ఉంది. మిగతా వాటికి సాధారణంగా ముందు చూసేది ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే, సిస్టమ్32 ఆ తర్వాతే. అదే పేరుతో నకిలీ డీఎల్‌ఎల్‌ని ప్రోగ్రామ్ పక్కన పెడితే అసలుది పక్కకు పోయి నకిలీదే లోడ్ అవుతుంది. దీన్ని డీఎల్‌ఎల్ హైజాకింగ్ అంటారు. గేమ్ గ్రాఫిక్స్ మార్చే రీషేడ్ లాంటి టూల్స్ కూడా ఈ పద్ధతినే వాడతాయి, డీఎక్స్‌జీఐ.డీఎల్‌ఎల్ పేరుతో గేమ్ ఫోల్డర్‌లో కూర్చుంటాయి. పద్ధతి ఒకటే, తేడా అంతా ఆ ఫైల్ ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్న దాంట్లోనే ఉంది. క్రాక్ చేసిన గేమ్‌లలో యాంటీవైరస్ ఆఫ్ చేసి ఈ డీఎల్‌ఎల్ పేస్ట్ చేయండి అని రాసి ఉంటుంది చూశారా? అక్కడ మీరు పెట్టేది సరిగ్గా ఇలాంటి ఫైలే.

ఇది చిన్న హ్యాకర్ల ఆట అనుకోకండి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్, సీమెన్స్ స్టెప్7 సాఫ్ట్‌వేర్‌లోని ఒక డీఎల్‌ఎల్ పేరు మార్చి, ఆ స్థానంలో తన డీఎల్‌ఎల్‌ని పెట్టింది. మెషీన్లలో ఏం జరుగుతుందో ఇంజనీర్లకి తెలియకుండా దాచింది. 2020 డిసెంబర్‌లో బయటపడ్డ సోలార్‌విండ్స్ దాడిలో దొంగ కోడ్ దాక్కున్నది కూడా కంపెనీ సంతకంతో వచ్చిన ఒక డీఎల్‌ఎల్‌లోనే. 18,000 లోపు కస్టమర్లకు ఆ అప్‌డేట్ చేరి ఉంటుందని ఆ సంస్థే చెప్పింది.

ఏ ఎర్రర్‌కి ఏ మందు?

డీఎల్‌ఎల్‌ని విడిగా తేవద్దు. అది ఏ ప్యాకేజీలో భాగమో తెలుసుకుని, ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి. ఎక్కువగా కనిపించేవి ఇవి:

1. ఎంఎస్‌వీసీపీ140, వీసీరన్‌టైమ్140: ఇవి మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీవి. విజువల్ స్టూడియో 2015, 2017, 2019, 2022 నాలుగింటికీ కలిపి ఒకటే ప్యాకేజీ. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఎక్స్86, ఎక్స్64 రెండూ ఇన్‌స్టాల్ చేయండి. మీ విండోస్ 64 బిట్ అయినా, ప్రోగ్రామ్ 32 బిట్‌ది అయితే దానికి ఎక్స్86 కావాలి.

2. ఎంఎస్‌వీసీఆర్100, 110, 120: వరసగా 2010, 2012, 2013 ప్యాకేజీలు. కొత్తది ఉంది కదా అని పాతవి అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. 2013, అంతకు ముందువి ఒకదాని పని ఇంకొకటి చేయలేవు. యాప్స్ లిస్ట్‌లో ఈ పేర్లు ఐదారు కనిపించడం మామూలే.

3. డీ3డీఎక్స్9_43, ఎక్స్‌ఇన్‌పుట్1_3, ఎక్స్‌ఆడియో2_7: పాత గేమ్‌లకు కావాల్సిన డైరెక్ట్‌ఎక్స్ ఫైల్స్. పీసీలో డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్నా ఇవి దాంతో రావు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే డైరెక్ట్‌ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్స్, జూన్ 2010 ప్యాకేజీ వేయాలి.

4. గేమ్ లేదా యాప్ సొంత డీఎల్‌ఎల్: పైవాటిలో లేని పేరు అయితే చాలాసార్లు ఇదే. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఫైల్స్ వెరిఫై చేయండి. మిగతా వాటికి రీఇన్‌స్టాల్ చేయండి. యాంటీవైరస్ క్వారంటైన్ లిస్ట్ కూడా ఒకసారి చూడండి, ఫైల్ అక్కడ ఉండొచ్చు. ఉంటే వెంటనే రిస్టోర్ కొట్టకుండా, ఎందుకు ఆపిందో ముందు చదవండి.

5. పీసీ ఆన్ చేయగానే రన్‌డీఎల్‌ఎల్ పేరుతో ఎర్రర్: తీసేసిన సాఫ్ట్‌వేర్ లేదా మాల్వేర్ తాలూకు స్టార్టప్ ఎంట్రీ మిగిలిపోతే ఇలా వస్తుంది. ఇక్కడ ఆ డీఎల్‌ఎల్ వెతికి తెచ్చిపెట్టడం అంటే పోయిన దొంగని పిలిచి తాళాలు ఇవ్వడమే. ముందు ఫుల్ స్కాన్ చేయండి. తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటోరన్స్ టూల్‌లో ఆ ఎంట్రీని ఆఫ్ చేయండి.

విండోస్ ఫైల్స్ పాడైతే రిపేర్ ఇలా

ఎర్రర్ ఒక గేమ్‌కే కాకుండా సెట్టింగ్స్, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ లాంటి వాటికీ వస్తుంటే విండోస్ సొంత ఫైల్స్ పాడై ఉండొచ్చు. దీనికి బయటి టూల్స్ ఏవీ అక్కర్లేదు.

స్టెప్ 1: స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ద్వారా ఓపెన్ చేయండి.

స్టెప్ 2: డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్ అనే కమాండ్‌ని ఇంగ్లీష్‌లో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ప్రతి స్లాష్ ముందు ఒక స్పేస్ ఉండాలి. ఇది విండోస్ దాచుకున్న అసలు కాపీలను సరిచేస్తుంది. అవసరమైతే విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ ఆన్‌లో ఉంచండి. మధ్యలో శాతం కదలకుండా ఆగినట్టు అనిపించినా కంగారుపడి క్లోజ్ చేయకండి.

స్టెప్ 3: అది అయ్యాక ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ కమాండ్ ఇవ్వండి. ఇది ప్రతి సిస్టమ్ ఫైల్‌ని అసలు కాపీతో పోల్చి, తేడా ఉంటే మారుస్తుంది. ముందు డిస్మ్, తర్వాత ఎస్ఎఫ్‌సీ. అసలు కాపీయే పాడై ఉంటే పోల్చి ఏం లాభం?

స్టెప్ 4: రీస్టార్ట్ చేయండి. రిపేర్ అయ్యాక కూడా కొద్ది రోజులకే మళ్లీ ఫైల్స్ పాడవుతుంటే అనుమానం హార్డ్‌వేర్ మీదకి వెళ్లాలి. చెక్‌డిస్క్‌తో డ్రైవ్‌ని, విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌తో ర్యామ్‌ని చూడండి. కానీ వాటన్నిటికంటే ముందు ఫొటోలు, ప్రాజెక్ట్ ఫైల్స్ బ్యాకప్ తీసుకోండి.

ముందు జాగ్రత్తలు

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని చెత్తకుండీలా ఉంచకండి. మీరు ఇన్‌స్టాలర్‌ని అక్కడి నుంచే రన్ చేస్తే, అది డీఎల్‌ఎల్ కోసం పక్కనున్న ఫైల్స్‌నే ముందు చూసే ప్రమాదం ఉంది. మీకు తెలియని డీఎల్‌ఎల్ అందులో కనిపిస్తే తీసేయండి.

స్పేస్ కోసం విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్‌లో చెయ్యి పెట్టకండి. అందులోని చాలా ఫైల్స్ సిస్టమ్32లో ఉన్నవే, రెండు చోట్లా లెక్కలోకి రావడంతో సైజు ఎక్కువగా కనిపిస్తుంది. డిస్క్ క్లీనప్‌లో విండోస్ అప్‌డేట్ క్లీనప్ ఆప్షన్ వాడితే చాలు.

ఏ ఫైల్ మీదైనా అనుమానం వస్తే మైక్రోసాఫ్ట్ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో వెరిఫై ఇమేజ్ సిగ్నేచర్స్ ఆన్ చేసి చూడండి. ఫైల్ ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ లేనంత మాత్రాన అది నకిలీది అనుకోకండి. చాలా విండోస్ ఫైల్స్ సంతకాలు విడిగా వేరే క్యాటలాగ్ ఫైల్‌లో ఉంటాయి.

వాట్సాప్ ఫార్వర్డ్ చూసి ఏ సిస్టమ్ ఫైల్‌నీ డిలీట్ చేయకండి. 2002లో ఇలాగే ఒక ఈమెయిల్ తిరిగింది. ఎలుగుబంటి బొమ్మ ఐకాన్ ఉన్న జేడీబీజీఎంజీఆర్ అనే ఫైల్ వైరస్ అని చెప్పింది. నమ్మినవాళ్లు తీసేసింది విండోస్‌తో వచ్చిన అసలు ఫైల్‌నే.

రోజువారీ వాడకానికి స్టాండర్డ్ అకౌంట్ పెట్టుకోండి, రిస్టోర్ పాయింట్ ఆన్‌లో ఉంచండి, అప్‌డేట్స్ ఆపకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా అందులోనే ఉంటే ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్ తీసుకోవడమో, విండోస్ 11కి మారడమో చూసుకోండి.

మరి ఫోన్‌లో?

ఆండ్రాయిడ్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి, చివర .ఎస్ఓ అని ఉంటుంది. ఏపీకే లోపల లిబ్ ఫోల్డర్‌లో ప్రాసెసర్‌ని బట్టి ఇవి వేర్వేరుగా ఉంటాయి. మోడ్ చేసిన ఏపీకేలలో మార్చేది చాలాసార్లు వీటినే. పీసీలో తెలియని డీఎల్‌ఎల్ ఎంత ప్రమాదమో, యూపీఐ యాప్ ఉన్న ఫోన్‌లో తెలియని ఏపీకే అంతే ప్రమాదం.

కాబట్టి ఈసారి ఆ మిస్సింగ్ బాక్స్ వస్తే ఫైల్ పేరు నోట్ చేసుకోండి, అది ఏ ప్యాకేజీదో చూడండి, తయారు చేసిన కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోండి. పది నిమిషాల పని. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ ఒకరి చేతిలోకి వెళ్లాక ఒక్కో అకౌంట్ వెనక్కి తెచ్చుకోవడం మాత్రం పది నిమిషాల్లో తేలే పని కాదు.