మిథనాల్ పుట్టిల్లు

అమ్మాయికి,

ఎమ్మెస్సీ రెండో ఏడాదికి ఆర్గానిక్ తీసుకుంటున్నానని, ఆ తర్వాత గ్రహాలు పుట్టే డిస్కుల్లోని కర్బన రసాయనాల మీద పరిశోధన చేయాలని ఉందని రాశావు. చాలా సంతోషం తల్లీ. అయితే అదే ఉత్తరంలో, స్పెక్ట్రోస్కోపీ పేపరు ఎలాగోలా గట్టెక్కితే చాలన్న మాట కూడా ఉంది. ఈ జాబు ఆ మాట గురించే.

నువ్వు వెళ్దామనుకుంటున్న చోట ఫ్లాస్కు లేదు, ద్రావణి లేదు, వేడి చేయడానికి మంట లేదు. కుర్రనక్షత్రం చుట్టూ తిరిగే ఆ వాయువులో, ధూళిలో ఏ అణువు ఉందో తెలియాలంటే దాన్నుంచి వచ్చే తరంగాలే ఆధారం. వాయువులోని అణువు గిర్రున తిరుగుతూ, ఆ వేగం ఒక మెట్టు దిగినప్పుడల్లా తనదే అయిన పౌనఃపున్యంలో ఒక తరంగాన్ని వదులుతుంది. చిలీలోని అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున, 66 యాంటెన్నాలతో ఉన్న ఆల్మా రేడియో టెలిస్కోపు పట్టుకునేది దాన్నే. 2015లో కరిన్ ఓబెర్గ్ బృందం ఎండబ్ల్యూసీ 480 అనే నక్షత్రపు డిస్కులో మిథైల్ సయనైడ్‌ను గుర్తించింది ఇలాగే. అణువుకు శాశ్వత డైపోల్ లేకపోతే ఈ దారి మూసుకుపోతుంది. మీ ఆర్గానిక్ పుస్తకంలో పేజీ తిప్పితే ఎదురయ్యే బెంజీన్ ఆల్మాకు కనిపించదు! 2023లో, సూర్యుడి ద్రవ్యరాశిలో ఏడో వంతు పాటి చిన్న నక్షత్రపు డిస్కులో, జేమ్స్ వెబ్ టెలిస్కోపు దాన్ని పరారుణ కాంతిలో, కంపనాలను బట్టి పట్టుకుంది. ఏ అణువును ఏ పరికరం చూడగలదో తేల్చేది నువ్వు గట్టెక్కితే చాలనుకుంటున్న ఆ పేపరే.

ఇక మిథనాల్ సంగతి. దీన్ని కాస్త ఓపిగ్గా చదువు.

మిథనాల్ ఆ చల్లటి వాయువులో అంత తేలిగ్గా తయారు కాదు. దానికి ధూళి రేణువు కావాలి. రేణువు మీద కార్బన్ మోనాక్సైడ్ మంచుగా పేరుకున్నాక, హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటే వచ్చి వాలతాయి. రెండు చేరితే ఫార్మాల్డిహైడ్, నాలుగు చేరితే మిథనాల్. మొదటిదానికీ మూడోదానికీ శక్తి అవరోధం అడ్డు. అంత చలిలో దాన్ని ఎక్కి దాటే సత్తువ దేనికీ ఉండదు. హైడ్రోజన్ తేలిక కనుక, ఎక్కకుండానే అవరోధం గుండా దూరిపోయే టన్నెలింగ్‌తో అవతలికి చేరుతుంది. 2002లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో వతనబే, కౌచి ఈ పని చేసి చూపారు. గాలి తీసేసిన గదిలో 10 కెల్విన్‌కు చల్లార్చిన లోహపు పలక, దాని మీద పలుచని మంచు పొర, పైనుంచి హైడ్రోజన్ పరమాణువుల ధార. పరారుణ వర్ణపటంలో కార్బన్ మోనాక్సైడ్ గీత తరుగుతూ పోతుంటే ఫార్మాల్డిహైడ్, మిథనాల్ గీతలు పెరిగాయి.

ఈ చర్యకు ఒక షరతు ఉంది. కార్బన్ మోనాక్సైడ్ మంచుగా నిలవాలంటే సుమారు 20 కెల్విన్‌కన్నా చల్లగా ఉండాలి. ఇప్పుడు హెచ్‌డీ 100546ను చూడు. సూర్యుడికన్నా బరువైన, వేడైన నక్షత్రం. దాని డిస్కు వెచ్చనిది, అక్కడ ఆ మంచు పేరుకోదు. అయినా 2021లో ఆలిస్ బూత్ బృందానికి అక్కడ మిథనాల్ దొరికింది. పుట్టే వీల్లేని చోటికి అది ఎలా వచ్చింది? నక్షత్రం ఇంకా పుట్టకముందు, చీకటి మేఘంలోనే మంచుగా తయారై, డిస్కులోకి చేరి, లోపలి వేడికి ఆవిరైందని వాళ్లు తేల్చారు. ఈ రంగంలో నాకు ఇంతకన్నా అందమైన వాదన కనిపించలేదు. ఒక ఉష్ణోగ్రత, ఒక చర్యామార్గం బాగా తెలిసి ఉన్నందుకే, గ్రహాలకు అందే కర్బన సరుకు ఆ నక్షత్రంకన్నా పాతది కావచ్చని చెప్పగలిగారు. మంచులో ఇరుక్కున్న అణువు తిరగలేదు కాబట్టి ఆల్మాకు చిక్కదు. 2016లో టీడబ్ల్యూ హైడ్రే అనే నక్షత్రపు చల్లని డిస్కులో దొరికిన మిథనాల్ సంకేతం అంత బలహీనంగా ఉండటానికి అదే కారణం.

ఇలాంటి వార్త రాగానే పత్రికలు జీవం మాట ఎత్తుతాయి. నువ్వు ఎత్తకు. 2003లో నక్షత్రాలు పుట్టే మేఘాల్లో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం దొరికిందని ఒక బృందం ప్రకటించింది. 2005లో మరో బృందం లెక్క చూస్తే, నిజంగా గ్లైసిన్ ఉంటే తప్పక కనిపించాల్సిన గీతలు కొన్ని లేవు. వేల గీతలు కిక్కిరిసిన వర్ణపటంలో నాలుగు కలవడం గొప్ప కాదు. కలవని ఒక్క గీత దగ్గర ఆగి, ఎందుకు లేదని అడగగలగాలి. ఆ నిజాయితీ నీకు ఉందని నాకు తెలుసు, దానికి తగ్గ సాధన కూడా కావాలి.

కాబట్టి ఆర్గానిక్ తీసుకో, వద్దనను. దాంతోపాటు క్వాంటం కెమిస్ట్రీ, గ్రూప్ థియరీ వదలకు. నా నోట్సులు బీరువాలో ఉన్నాయి, దసరా సెలవులకు వచ్చినప్పుడు పట్టుకెళ్లు. ఈలోగా ఒక పని చెయ్యి. మిథనాల్‌లో మిథైల్ గుంపు తనంతట తాను తిరగడం వల్ల దాని గీతలు ఎందుకు చీలతాయో చదివి, నీ మాటల్లో ఒక పేజీ రాసి పంపు. అర్థం కాని చోట గీత గీసి ఉంచు, అక్కడి నుంచి మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
పెదనాన్న