ఇద్దరు సర్దార్లు, ఒక పాఠం

 

ఇది పిల్లలు, పెద్దలు కలిసి చదవవలసిన పాఠం. అమెరికాలో సమాన హక్కుల కోసం నిలబడిన ఇద్దరు పంజాబీ సిక్కుల గురించి తెలుసుకుందాం.

మొదటివారు భగత్ సింగ్ థింద్. 1913లో అమెరికా వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దస్తార్ తీయకుండానే అక్కడి సైన్యంలో పనిచేశారు. ఆనాటి చట్టం ప్రకారం, బయటినుంచి వచ్చినవారిలో తెల్లవారికి, ఆఫ్రికా సంతతివారికి మాత్రమే పౌరసత్వం ఇచ్చేవారు. 'నేను అగ్రకులపు ఆర్యుణ్ణి, కనుక తెల్లజాతివాణ్ణే' అన్నది కోర్టులో ఆయన వాదన. 1923లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఆ తీర్పు వల్ల అప్పటికే పౌరసత్వం పొందిన పలువురు భారతీయులు కూడా దాన్ని పోగొట్టుకున్నారు. యుద్ధంలో పనిచేసినవారి కోసం చేసిన వేరే చట్టం కింద, చివరికి 1936లో ఆయనకు పౌరసత్వం దక్కింది.

రెండవవారు దలీప్ సింగ్ సౌంద్. 1920లో చదువు కోసం వెళ్లి, 1924లో లెక్కల్లో డాక్టరేట్ పొందారు. అయినా కాలిఫోర్నియాలో వ్యవసాయం చేసుకుని బతికారు. ఆయన తన ఒక్కడికే దారి అడగలేదు. చట్టమే మారాలని తోటి భారతీయులతో కలిసి పాటుపడ్డారు. 1946లో చట్టం మారింది. 1949లో ఆయన పౌరుడయ్యారు. 1956లో అమెరికా పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఆసియా ఖండం నుంచి అక్కడికి ఎన్నికైన మొదటి మనిషి ఆయనే. మరుసటి ఏడే, నల్లజాతివారి ఓటు హక్కును కాపాడే చట్టానికి ఓటు వేశారు.

థింద్ గారి ధైర్యానికి తల వంచుదాం. ఆ వాదన మాత్రం మనకు వద్దు. గోడకు అవతల నన్నొక్కణ్ణి చేర్చుకోండి అంటే గోడ అలాగే ఉంటుంది. సౌంద్ గారు గోడనే తొలగించే పనిలో చెయ్యి వేశారు.

ఒకసారి లంగర్‌లో ఒక పెద్దమనిషి నన్ను, "మీరు ఏ సిక్కులు? కత్తులు సానబట్టేవాళ్లా?" అని అడిగాడు. ముద్ద దిగలేదు. ఆ సాయంత్రమే మన బస్తీలో ఒక తల్లి, వీధులూడ్చే ఆమె కొడుకుతో ఆడవద్దని తన బిడ్డను లోపలికి లాక్కెళ్లడం చూశాను. మొదటి మాటకు బాధపడిన నేను, రెండోదానికి నోరు మెదపలేదు. నా తప్పు అక్కడే ఉంది.

పంగత్‌లో పక్కపక్కన కూర్చోవడం గురుద్వారా గుమ్మం దాకానే కాదు, మన గుమ్మం దాకా రావాలి.

ఇంట్లో మాట్లాడుకోండి:
1. థింద్ గారి వాదన గురువుల బాటకు ఎందుకు సరిపడదు?
2. మనల్ని ఎవరైనా తక్కువ చేసినప్పుడు ఏం చేస్తాం? మనమే ఇంకొకరిని తక్కువ చేస్తే?
3. ఈ వారం మన ఇంటికి భోజనానికి ఎవరిని పిలుద్దాం?

సర్బత్ దా భలా!