జైలు నుండి వచ్చే ఫోను



రక్తపోటు, నిద్రలేమి, కడుపులో మంట అంటూ ఆసుపత్రికి వచ్చేవారిలో కొందరి మనసులో ఒక దిగులు దాగి ఉంటుంది. ఇంట్లో ఒకరు జైలులో ఉన్నారు. సిగ్గుచేత ఆ సంగతి డాక్టరుకూ చెప్పరు, సంఘంలోనూ చెప్పరు. ఈ కష్టం బీదలకే వచ్చేది కాదు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు రామలింగరాజును చంచల్‌గూడ జైలుకు పంపడం హైటెక్ సిటీ అంతా చూసింది.

మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో డ్రైవరుగానో, సెక్యూరిటీ గార్డుగానో పనిచేసేవారు నగరానికి తూర్పు కొసన ఉన్న చర్లపల్లి జైలుకు ములాఖత్‌కు వెళ్లి రావాలంటే ఒక రోజు జీతం పోతుంది. అందుకే ఆ కొద్ది నిమిషాల ఫోను ఎంతో విలువైనది. ఖైదీ తన కుటుంబాన్నీ లాయరునూ కలుసుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1981లోనే చెప్పింది. కాబట్టి అడగడానికి సంకోచించకండి.

ఫోనుకు సిద్ధంగా ఉండండి

1. జైలులో సెల్‌ఫోను నిషిద్ధం. అధికారులు ఏర్పాటు చేసిన ఫోను నుండే మాట్లాడాలి. లోపలి నుండి వారు చేయాలి, మనం చేయలేము.

2. ఖైదీ ఇచ్చిన నంబర్లను అధికారులు పరిశీలించి అనుమతిస్తారు. ఆ నంబరు మార్చకండి, రీఛార్జి అయిపోనివ్వకండి. మీకు రాత్రి షిఫ్టు ఉంటే, ఇంటి పట్టున ఉండేవారి నంబరు ఇవ్వండి.

3. కేసు సంగతులు ఫోనులో మాట్లాడకండి. అవి లాయరుతో నేరుగా మాట్లాడవలసినవి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల నంబరు 15100కు ఫోను చేయండి.

4. 2020లో కరోనా వల్ల ములాఖత్‌లు ఆగినప్పుడు ఎన్నో కుటుంబాలు వీడియోలో ఒకరినొకరు చూసుకున్నాయి. ఈ-ములాఖత్ గురించి జైలు కార్యాలయంలో అడగండి.

ఏమి మాట్లాడాలి?

ముందుగా ఒక చీటీ మీద నాలుగు మాటలు రాసుకోండి. మొదటి ప్రశ్న ఆరోగ్యం గురించే ఉండాలి. షుగరు, బి.పి., టి.బి., మూర్ఛ మందులు మధ్యలో ఆగితే ప్రమాదం. మందుల చీటీ నకలు జైలు సూపరింటెండెంటుకు ఇచ్చి, జైలు డాక్టరుకు అందేలా చూడండి.

లోపలివారు "బాగున్నాను" అంటారు, బయటివారు "మేమూ బాగున్నాం" అంటారు. ఇద్దరూ ఫోను పెట్టేసి ఏడుస్తారు. అన్నీ దాచవద్దు, అన్నీ ఒక్కసారే కుమ్మరించవద్దు. చెడు వార్త ఉంటే మొదటే మెల్లగా చెప్పండి. చివరి అర నిమిషంలో చెబితే ఆ మనిషి రాత్రంతా ఒంటరిగా దానిని మోయాలి. అద్దె, ఫీజు, పెళ్లి వంటి ఇంటి విషయాల్లో సలహా అడగండి. తాను ఇంకా ఈ ఇంటి మనిషినే అన్న ధైర్యం వస్తుంది.

"నేను ఉండి ఏమి లాభం" అన్న మాట వినబడితే తేలికగా తీసుకోకండి. చనిపోవాలని ఉందా అని సూటిగా, ప్రేమగా అడగండి. వెంటనే జైలు అధికారులకు తెలియజేయండి. మీ మనసే కుంగిపోతే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత సేవ.

పిల్లలకు ఏమి చెప్పాలి?

"నాన్న దుబాయ్ వెళ్లాడు" అని చెప్పే ఇళ్లు ఎన్నో. ఒకనాడు బడిలో ఎవరో నిజం చెబుతారు. అప్పుడు బిడ్డ మిమ్మల్నీ నమ్మదు. వయసుకు తగినంత నిజం మీరే చెప్పండి. నాన్నకు చెప్పడానికి ఒక్క కబురైనా సిద్ధం చేసుకోమనండి.

మోసాలు జాగ్రత్త

"మీవాణ్ణి విడిపిస్తాం, డబ్బు పంపండి" అని తెలియనివారు ఫోను చేస్తే పంపకండి. జైలునో లాయరునో అడిగి నిర్ధారించుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కు ఫిర్యాదు చేయండి.

ఆలోచించండి

1. ఫోను తప్పిపోకుండా మన ఇంట్లో ఏ ఏర్పాటు ఉంది?
2. జైలులో ఉన్న మనవారి మందుల వివరాలు అక్కడి డాక్టరుకు తెలుసా?
3. మన వీధిలో, మన సంఘంలో ఇలాంటి కుటుంబం ఉంటే, నేరం గురించి అడగకుండా "అన్నం తిన్నారా?" అని అడగగలమా?