ప్రాజెక్టు మీరే చేస్తే హక్కూ మీదే: కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బీటెక్, బీఎస్సీ కంప్యూటర్స్ చదివే పిల్లలకు ప్రాజెక్టు రూల్స్ చెప్పేవాళ్లు ఇంట్లో చాలాసార్లు ఉండరు. సీనియర్ చెప్పిందే చట్టమనుకుంటారు. చదువు మొత్తంలో మీ చేత్తో మీరు తయారుచేసే పెద్ద పని ఈ ప్రాజెక్టే. అది చేజారకుండా ఉండాలంటే ఈ సంగతులు తెలిసుండాలి.

ప్రాజెక్టు అందరికీ తప్పనిసరా?

కోర్సును బట్టి ఉంటుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్ ప్రకారం బీటెక్‌కు 160 క్రెడిట్లు. నాలుగో ఏడాదిలో ప్రాజెక్టు రెండు దశల్లో నడుస్తుంది, ఎవరికీ మినహాయింపు లేదు. మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల డిగ్రీ విద్యార్థులు ఆరో సెమిస్టర్‌లో తమకు ప్రాజెక్టు ఉందా, దాని బదులు ఆప్షనల్ పేపరు ఇస్తున్నారా అని ముందే కనుక్కోవాలి. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కళాశాల లాంటి అటానమస్ కాలేజీలకు సిలబస్ వేరుగా ఉంటుంది.

యూజీసీ 2022లో తెచ్చిన నాలుగేళ్ల ఆనర్స్ విధానంలో పరిశోధన దారి కూడా ఉంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుంటే నాలుగో ఏడాది 12 క్రెడిట్ల రీసెర్చ్ ప్రాజెక్టు చేయవచ్చు. మీ యూనివర్సిటీలో ఆ కోర్సు నడుస్తోందో లేదో చూసుకోండి.

మార్కులు గైడ్ ఒక్కరి చేతిలోనే ఉంటాయా?

ఉండవు. ఆర్22లో మొదటి దశను హెచ్‌ఓడీ, గైడ్, మరో సీనియర్ అధ్యాపకుడు ఉండే రివ్యూ కమిటీ చూస్తుంది. రెండో దశలో ఇంటర్నల్‌కు 40 మార్కులు, ఎక్స్‌టర్నల్ వైవాకు 60. ప్రతి రివ్యూలో చెప్పిన మార్పులను తేదీతో రాసి పెట్టుకోండి. చివర్లో 'నేను చెప్పింది చేయలేదు' అన్న మాట వస్తే ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

మేం రాసిన కోడ్ ఎవరిది? కాలేజీదా, గైడ్‌దా?

రాసినవాళ్లదే. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కింద లెక్కిస్తుంది. సెక్షన్ 17 ప్రకారం మొదటి హక్కుదారు రచయితే. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినది యజమానికి చెందుతుంది గానీ, ఫీజు కట్టి చదివే విద్యార్థి కాలేజీకి ఉద్యోగి కాడు. గైడ్ టాపిక్ ఇచ్చినంత మాత్రాన కోడ్ ఆయనది కాదు. ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని రాసిన తీరుకే ఉంది.

హక్కు ఇంకొకరికి వెళ్లాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా, మీ సంతకంతో వెళ్లాలి. అందుకే కాలేజీ ఐపీ (మేధో సంపత్తి) పాలసీ గానీ, ఇంటర్న్‌షిప్ ఒప్పందం గానీ ముందు పెడితే చదివాకే సంతకం చేయండి. బ్యాచ్‌లో నలుగురు కలిసి, ఎవరి భాగం ఏదో విడదీయలేనట్టు రాస్తే నలుగురూ ఉమ్మడి రచయితలే. ఒక్కరే దాన్ని అమ్ముకోవడం కుదరదు.

అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొంటే?

పైన చెప్పిన హక్కులేవీ మీకు ఉండవు. డబ్బు కట్టినా కోడ్ రాసింది మీరు కాదు. రిపోర్టు మొదటి పేజీల్లో 'ఇది మా సొంత పని, మరెక్కడా సమర్పించలేదు' అనే డిక్లరేషన్ కింద బ్యాచ్ అంతా సంతకం చేస్తుంది. కొన్న ప్రాజెక్టుకు అది అబద్ధపు సంతకం. అదే ప్రాజెక్టు మరో కాలేజీలోనూ అమ్ముడై ఉండొచ్చు. చిన్నదైనా మీది చేయండి. ఓపెన్ సోర్స్ కోడ్ వాడుకోవచ్చు, లైసెన్స్ షరతులు పాటించి, ఎక్కడిదో రిపోర్టులో చెప్పాలి.

ప్లేజియరిజం ఎంత శాతం దాటకూడదు?

యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం వరకు పోలికను చిన్నదిగా పరిగణించి శిక్ష వేయవు. 10 నుంచి 40, 40 నుంచి 60, ఆపైన అని మూడు స్థాయిలు పెట్టాయి. థీసిస్‌లకు అందులో చెప్పిన శిక్షలు పీజీ, పరిశోధన విద్యార్థులకు. యూజీ రిపోర్టుకు మీ యూనివర్సిటీ, కాలేజీ పెట్టిన పరిమితే వర్తిస్తుంది. ఆ సంఖ్యను రాతలో అడగండి.

మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ మీద యాప్ చేస్తున్నాం. జనం వివరాలు తీసుకోవచ్చా?

అడిగి తీసుకోవచ్చు. ఎందుకు తీసుకుంటున్నారో తెలుగులో చెప్పి, ఒప్పుకున్నాకే రాసుకోండి. ఎక్సెల్ షీట్‌లో పేరు, ఫోన్ నంబరు కాలమ్‌లు తీసేసి బోరు లోతు, ఫ్లోరైడ్ మోతాదు, ఆవాసం పేరు ఉంచితే మీ మోడల్‌కు చాలు. ఒకరి వంగిన కాళ్ల ఫొటో పీపీటీలో పెట్టి చప్పట్లు కొట్టించుకోవద్దు, వాళ్ల గౌరవం మీ మార్కుల కన్నా పెద్దది. ఆరోగ్య పరీక్షల జోలికి వెళ్తే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ప్రభుత్వ గణాంకాలు తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో దొరుకుతాయి. వాడుకుంటే మూలం పేర్కొనండి.

డబ్బు కడితే 'యూజీసీ కేర్ జర్నల్'లో వేస్తామంటున్నారు. నమ్మొచ్చా?

వద్దు. కేర్ అనే ఆ జర్నళ్ల జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే ఆపేసింది. పేపర్ వేస్తే గానీ వైవాకు పంపమని ఎవరైనా అంటే ఆ నిబంధన ఏ రెగ్యులేషన్‌లో ఉందో చూపించమనండి.

అన్యాయం జరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ముందు గైడ్, ఆపై హెచ్‌ఓడీ. తేలకపోతే 2023 యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీలోని విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. అది వీలైనంత వరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తీర్పు నచ్చకపోతే 15 రోజుల్లోపు యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయవచ్చు. 

ఫిర్యాదుకు బలం ఆధారాలే. మొదటి రోజు నుంచి కోడ్‌ను గిట్‌హబ్‌లో పెడుతూ పోతే ఏ లైను ఎవరు, ఎప్పుడు రాశారో అందులోనే నమోదవుతుంది. ఈ వారమే బ్యాచ్ అంతా కూర్చుని ఆ రిపాజిటరీ తెరవండి.