బొగ్గుబాయి కథతో ఇంగ్లీషు పాఠం



ఈ నెల గోడపత్రికలో పాఠం గురించి రాయుమని నాకు ఇచ్చినారు. సైన్సు, లెక్కల మీద ఇదివరకే వచ్చినవి. కావున నేను ఇంగ్లీషు తీసుకున్నాను. గ్రామర్ గురించి కాదు, ఇంగ్లీషు కథ, ఇంగ్లీషు పద్యం ఎట్లా చెప్తే మన తలకెక్కుతుందో దాని గురించి రాస్తున్నాను.

ముందు మన సంగతి చూడండి. మన హాస్టల్లో నీళ్ళకు నాలుగు పేర్లున్నవి. కోయ పిల్లలం ఇంటికాడ ఏరు అంటాము. లంబాడి అక్కలు పాణి అంటారు. తెలుగులో నీళ్ళు. ఇంగ్లీషులో వాటర్. తెలుగులో ఏరు అంటే వాగు అని ఒకటో తరగతిలో తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఇంగ్లీషు పాఠం వచ్చిందనుకోండి, మాట ముందు తెలుగులోకి రావాలి, అక్కడి నుంచి మన ఇంటి భాషలోకి రావాలి. రెండు వాకిళ్ళు దాటి వచ్చేసరికి మాట అలిసిపోతుంది. గైడులో ఒక్కొక్క మాటకు అర్థం రాసి ఉంటుంది గానీ అన్ని అర్థాలు కలిపినా కథ కాదు. బియ్యం, పప్పు, ఉప్పు పక్కపక్కన పెడితే అన్నం అయితదా?

ఇదేదో చిన్న సంగతి అని అనుకోవద్దు. ఎనిమిదిలో మాతోటి చదివిన ఒక అమ్మాయి దసరా సెలవులకు పోయి మళ్ళీ రాలేదు. లెక్కల్లో ఆమె నాకంటే మంచిగ చేసేది. ఇంగ్లీషు గంటల లేపి చదవమంటే మాత్రం గొంతు రాకపోయేది. ఎందుకు రాలేదని వాళ్ళ ఊరి పిల్లను అడిగితే, ఆ గంట వస్తుందంటే కడుపుల నొప్పి లేస్తదని ఇంట్ల చెప్పిందట. అట్లాంటి వాళ్ళు మా తరగతిలో ఇంకా ముగ్గురున్నారు. పేర్లు రాయను. వచ్చే ఏడు మాకు పదో తరగతి.

ఇక పాఠం. మా ఇంగ్లీషు మేడం పోయిన నెల నాలుగు పీరియడ్లు ఒక కథ చెప్పినారు. అది మన పుస్తకంలో లేదు. డి. హెచ్. లారెన్స్ అనే ఇంగ్లాండు రచయిత రాసినది. 1911లో అచ్చయింది. పేరు తెలుగులో చెప్పాలంటే ‘చామంతుల వాసన’ అనుకోవచ్చును. మొదటి పీరియడ్లో మేడం పుస్తకం తియ్యలేదు, కథ పేరు కూడా చెప్పలేదు. బోర్డు మీద మధ్యలో ‘కోల్’ అని రాసి, బాయి పనికి పోయేవాళ్ళ నోటి వెంట మీరు విన్న మాటలన్నీ చెప్పండి అన్నారు.

మేము మొదలు పెడితే ఆగలేదు. షిఫ్టు, మస్టరు, టబ్బు, హాలేజి, డంపరు, డోజరు, బంకరు, బెల్టు, ల్యాంప్ రూము, రూఫు, ప్రాపు, సీము, డిప్పు, రైజు. మా చిన్నాయన ఓపెన్ కాస్టులో కాంట్రాక్టు పని చేస్తడు. వేలిముద్ర మనిషి. ఆయన నోట్ల ఈ మాటలు ఉప్పు పప్పు లెక్క దొర్లుతాయి. బోర్డు నిండినాక మేడం వెనక్కి జరిగి, “ఇవన్నీ ఏ భాష?” అన్నారు. అప్పటిదాకా మేము అవి బాయి మాటలనే అనుకుంటున్నాము! సీము అంటే బొగ్గు పొర. డిప్పు అంటే ఆ పొర కిందికి వాలిన దిక్కు, రైజు అంటే పైకి లేచిన దిక్కు. ప్రాపు అంటే పైకప్పు కూలకుండ ఆనిచ్చే దుంగ. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టినాడు. తర్వాత తవ్వకాలు వచ్చినవి, 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అని పేరు వచ్చింది, తవ్వకాలతో పాటే ఈ మాటలూ దిగినవి. బడి మొఖం చూడని వాళ్ళు కూడా వందేళ్ళకు పైగా వాటిని వాడుతున్నారు.

నా ఉద్దేశంలో పాఠంలో అన్నిటికంటే మంచి పని ఇదే. ఏమనగా, కథ మొదలు కాక ముందే సగం మాటలు మనవైనవి. గొంతు రాని ముగ్గురిలో ఒకామె ఆ రోజు ఆరు మాటలు చెప్పింది. నేను లెక్క పెట్టిన.

రెండో పీరియడ్లో లారెన్స్ ఎవరో చెప్పినారు. 1885లో ఈస్ట్‌వుడ్ అనే బొగ్గు గనుల ఊరిలో పుట్టినాడు. తండ్రి బాయి కార్మికుడు, చదువు సరిగా రానివాడు. తల్లి కొంత చదివినామె. పిల్లవాడు స్కాలర్‌షిప్పు మీద నాటింగ్‌హామ్‌లో పెద్ద బడికి పోయినాడు, తర్వాత తనే టీచరు అయినాడు. ఈ కథ అచ్చయిన నాటికి ఆయన టీచరే. ఇంగ్లీషు సాహిత్యం అంటే దొరలు, దొరసానులు బంగళాలో కూర్చోని రాసుకునేది అని నేను అనుకునేదాన్ని. బాయి కార్మికుని కొడుకు కూడా రాసినాడని తెలిసినాక ఆ పుస్తకం అంటే బెరుకు తగ్గింది.

కథ మేడం తెలుగులోనే చెప్పినారు, కానీ సగం వరకే. బొగ్గు వ్యాగన్లు లాక్కుంటూ చిన్న ఇంజను పోతుంటుంది. పక్కనే ఇల్లు. ఆ ఇంటామె పేరు ఎలిజబెత్. ఇద్దరు పిల్లలు, కడుపుల ఇంకొకరు. మొగుడు షిఫ్టు దిగి ఇంటికి రావాలి, వస్తలేడు. చీకటి పడుతుంది. ఇక్కడ మేడం ఆపి, “ఇప్పుడు ఆమె ఏమనుకుంటుంది?” అన్నారు. తరగతి అంతా ఒక్కసారే, “తాగనీకి పోయిండు అనుకుంటది!” అన్నది. కథలో కూడా ఆమె సరిగ్గా అదే అనుకుంటుంది. మేడం నవ్వలేదు. అది విని మేము కూడా కొంచెంసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి మా గదిలో దీపాలు ఆర్పినాక కూడా ఆ మనిషి వచ్చిండా లేదా అని మాటలే మాటలు. (వార్డెన్ మేడం గారు క్షమించాలి, ఆ గుసగుస అదే.) పాఠం సగంలో ఆపుట అనేది ఎంత పని చేస్తుందో చూడండి. గైడు అట్లా ఆపదు, మొదటి పేజీలోనే సారాంశం ఇచ్చేస్తది.

మూడో పీరియడ్లో మేడం తనే తేలిక ఇంగ్లీషులో ఒక పేజీ రాసి, జిరాక్సు తీయించి ఇద్దరికొకటి ఇచ్చినారు. మొగుడు తాగనీకి పోలేదు. బాయిలో పైకప్పు వెనక కూలి, లోపల చిక్కుకొని, ఊపిరాడక చచ్చిపోయినాడు. ఒంటి మీద దెబ్బ లేదు. మనుషులు మోసుకొచ్చి ముందుగదిలో పడుకోబెడతారు, అప్పుడు ఒకరి చెయ్యి తగిలి చామంతుల కూజా పగులుతుంది. భార్యా, అత్తా కలిసి ఒళ్ళు కడుగుతారు. అంతకాలం ఒకే ఇంట్లో ఉండి కూడా ఈ మనిషిని నేను ఎరగలేదు కదా అని ఆమెకు అప్పుడు అనిపిస్తుంది. తెలుగులో చెప్పకుండానే ఇదంతా మాకు అర్థమయ్యింది, ఎందుకనగా రూఫు తెలుసు, షిఫ్టు తెలుసు, ఎదురుచూపు తెలుసు. తెలియని మాటలు నాకు పదకొండు వచ్చినవి. మామూలు పాఠంలో అయితే పేజీకి నలభై దాకా వస్తవి.

గ్రామర్ కూడా ఇందులోనే వచ్చింది. ‘షి వెయిటెడ్’ అంటే ఎదురు చూసింది, ఆ పని అయిపోయింది. ‘షి వాజ్ వెయిటింగ్’ అంటే చూస్తూనే ఉంది, ఇంకా తెగలేదు. ఈ రెండింటికి తేడా ఏడో తరగతి నుంచి రాసుకుంటున్నాము. ఆ రోజు వాకిట్ల నిలబడ్డ ఆమెను తలుచుకుంటే ఏది ఎక్కడ పెట్టాలో ఎవ్వరూ తప్పలేదు.

ఇంకొక సంగతి నాకు చాలా నచ్చింది. లారెన్స్ తాను చెప్పే మాటలు పుస్తకం ఇంగ్లీషులో రాసినాడు గానీ, బాయి మనుషులు, అత్త మాట్లాడేది మాత్రం వాళ్ళ ఊరి యాసలోనే రాసినాడు. మేడం ఆ మాటలు కొన్ని చదివి వినిపిస్తే మాకు ఒక్కటీ అర్థం కాలేదు. లండన్ వాళ్ళకు కూడా కొంచెం కష్టమే అన్నారు. అంటే ఇంగ్లీషు వాళ్ళకూ ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి ఉన్నదన్న మాట! మనం కోయలో మాట్లాడితే వెనక బెంచీలో నవ్వే వాళ్ళు ఇది చదవాలి.

నాలుగో పీరియడ్లో ఒక చోట నాకు వేరే అభిప్రాయం ఉన్నది, మేడంకు కూడా చెప్పిన. కథను నాటకం వేద్దామనుకున్నాము. వ్యాగన్లు, ఇంజను, తలుపు దగ్గర ఎదురుచూపు వరకు మంచిగ వచ్చింది. శవం తెచ్చే దగ్గరికి వచ్చేసరికి ఒక అమ్మాయి లేచి బయటకు పోయింది. వాళ్ళ మామ బాయిలోనే పోయినాడు. మాలో చాలామందికి అప్పటిదాకా తెలియదు. పాఠం ఆపి, ఆమె తిరిగి వచ్చేదాకా మేడం చెట్టుకింద ఆమె పక్కన కూర్చున్నారు. కాబట్టి నేను చెప్పేదేమనగా, ఇటువంటి కథ తీసుకునేటప్పుడు ఆ ఘట్టం నాటకం వెయ్యొద్దు. మెల్లగా చదువుకుంటే చాలు. కథ మానెయ్యమని మాత్రం నేను అనను. ఆ అమ్మాయే తర్వాత అందరికంటే పెద్ద పేరా రాసింది, ఇంగ్లీషులో పద్నాలుగు వాక్యాలు. ఏం రాసిందో ఇక్కడ పెట్టను, అది ఆమెది.

పదో తరగతి అక్కలు కొందరు “ఈ కథ పరీక్షల వస్తదా?” అన్నారు. రాదు. కానీ పరీక్షలో మనం ఎన్నడూ చదవని పేరా ఇచ్చి ప్రశ్నలు అడుగుతరు కదా. బట్టీ పట్టిన జవాబు అక్కడ ఎందుకు పనికొస్తది?

పద్యానికి కూడా ఇదే దారి పని చేస్తుందా అని నేను ఆలోచించిన. వర్డ్స్‌వర్త్ అనే కవి డాఫడిల్ పూల మీద రాసిన పద్యం ఉన్నది, 1807లో అచ్చయింది. ఆ పూలు మన దగ్గర పుట్టవు. బొమ్మ చూపించి పసుపు పూలు అని రాయిస్తే అయిపోయిందనుకుంటరు. అది పూల పాఠం కాదని నా అభిప్రాయం. ఒకప్పుడు చూసినది తర్వాత ఒంటరిగ పడుకున్నప్పుడు మళ్ళీ కండ్ల ముందు వచ్చుట, అదీ సంగతి. మనకు ఇప్పపూలు ఉన్నవి. ఎండాకాలం మొదట్లో తెల్లారకముందే అమ్మ వెంట పోతే చెట్టుకింద నేల తెల్లగ పరుచుకొని ఉంటుంది. హాస్టల్లో రాత్రి పూట అది మీకు ఎన్నిసార్లు కనపడలేదు? అక్కడి నుంచి మొదలు పెట్టాలి. ఆ పద్యం ప్రతి పాదానికి నాలుగు దెబ్బలు పడుతవి. రేల పాటకు భుజాల మీద చేతులేసుకొని అడుగులేసినట్టు వరుసగా నిలబడి, దెబ్బకొక అడుగు వేస్తూ చదవండి. మేము ఆరుగురం ఆదివారం బట్టలుతికే బండ దగ్గర చేసి చూసినం. రెండో సారికి తప్పు పోలేదు. బట్టలు మాత్రం ఆలస్యమైనవి.

న్యూజిలాండ్‌లో సిల్వియా ఆష్టన్-వార్నర్ అనే టీచరు ఉండేదట. మావోరీ పిల్లలకు చదువు చెప్పింది. వాళ్ళు కూడా ఆ దేశపు ఆదివాసులే. ఆమె పొద్దున్నే ఒక్కొక్క పిల్లను పిలిచి నీకు ఏ మాట కావాలి అని అడిగి, ఆ మాటను అట్టముక్క మీద రాసి ఇచ్చేది. దయ్యం కావాలంటే దయ్యం అని రాసిచ్చేది. తాము అడిగి తీసుకున్న మాటను పిల్లలు మరిచిపోకపోయేవాళ్ళు. 1963లో ‘టీచర్’ అని పుస్తకం కూడా రాసింది. మేడం ఈ సంగతి చెప్పినప్పటి నుంచి నాకు ఒక ఆలోచన వచ్చింది.

వార్డెన్ మేడం గారికి మనవి. రాత్రి స్టడీ అవర్ అంతా నిశ్శబ్దంగా ఉండాలని నియమం ఉన్నది. అందులో చివరి ఇరవై నిమిషాలు, వారానికి రెండు రోజులు, తొమ్మిదో తరగతికి గట్టిగ చదువుకోనియ్యండి. వరండా చివర కూర్చుంటాము, పదో తరగతి అక్కలకు ఇబ్బంది కాకుండా. నలుగురు నలుగురుగా కూర్చుంటే గొంతు రాని వాళ్ళకు గొంతు వస్తుంది. తరగతిలో యాభై మంది ముందు వస్తుందని కూర్చుంటే ఎప్పటికి రావాలె? ఇంకొకటి, కథ మొదటిసారి చెప్పుకునేటప్పుడు కోయలోనో, లంబాడిలోనో, తెలుగులోనో చెప్పుకోనియ్యండి. ఇంగ్లీషు ఆ తర్వాత తప్పకుండా చదువుతాము.

వచ్చే కథ ఏది తీసుకోవాలో మేడం మమ్మల్నే అడిగినారు. మెస్సు తలుపు పక్కన ఖాళీ బిస్కెట్ డబ్బా పెట్టినాము. మీ ఇంటికాడ వినే ఇంగ్లీషు మాట ఏదైనా సరే, బాయిది గానీ, ఆసుపత్రిది గానీ, బస్సుది గానీ, చీటీ మీద తెలుగు అక్షరాలతో రాసి శనివారం లోపల అందులో వెయ్యండి. ఐదో తరగతి చెల్లెళ్ళు కూడా వెయ్యవచ్చును. ఒక్కొక్కరు రెండు చీటీల కంటే ఎక్కువ వద్దు, డబ్బా చిన్నది.