బుయ్‌మనే చప్పుడు ఎక్కడిది? డెస్క్‌టాప్ ఆడియో అప్‌గ్రేడ్ చేసే ముందు చదవాల్సిన పాఠం

ముందే చెప్పేస్తున్నా, నాది చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఎడిటర్ అక్క దిద్దాక కూడా ఎక్కడైనా వత్తు తప్పితే ఆ తప్పు నాదే. టెక్నికల్ సంగతులు మాత్రం చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే.

మా తాతయ్య తెనాలి దగ్గర పల్లెల్లో పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఆయన గొంతు మిగిలింది ఒక్క క్యాసెట్‌లోనే. పోయిన ఏడాది మా పెదనాన్న దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫైల్ పంపించారు. హాస్టల్ రూమ్‌లో నా డెస్క్‌టాప్‌కి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. పద్యం వెనకాల ఒకటే బుయ్‌మని చప్పుడు. రాగం తీసి ఆయన ఊపిరి పీల్చుకునే చోట అది ఇంకా గట్టిగా వినిపించేది.

అప్పుడు రెండు పనులు చేశాను. పాత హెడ్‌ఫోన్స్ డొక్కువి అనుకుని, పండక్కి బట్టలు కొనుక్కోమని నాన్న ఇచ్చిన డబ్బుతో కొత్తవి కొన్నాను. అయినా చప్పుడు పోలేదు. అయితే టేపులోనే ఉందనుకుని ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ రెండుసార్లు వేసి, అదే పేరుతో సేవ్ చేశాను. బుయ్‌మనేది అలాగే ఉంది. తాతయ్య గొంతు మాత్రం నీళ్ళలోంచి వస్తున్నట్టు తయారైంది.

చివరికి దొంగ దొరికింది మా రూమ్మేట్ వల్ల. వాడు అవే హెడ్‌ఫోన్స్ తన ఫోన్‌కి పెట్టి అదే ఫైల్ ప్లే చేశాడు. చప్పుడు లేదు! పైసా ఖర్చు లేని ఈ టెస్ట్ నేను మొదటి రోజే చేసుంటే డబ్బులూ మిగిలేవి, ఫైలూ మిగిలేది.

ఎందుకలా అయ్యిందో చూద్దాం. ఫైల్‌లో ఉండేవి అంకెలు. వాటిని కరెంటుగా మార్చేది డాక్, ఆ కరెంటుకి బలం ఇచ్చేది ఆంప్, దాన్ని గాలిలో కదలికగా మార్చేది హెడ్‌ఫోన్. మన మదర్‌బోర్డ్‌లో డాక్, ఆంప్ రెండూ చిన్న చిప్‌లో ఉంటాయి, ఎక్కువగా రియల్‌టెక్ వాళ్ళది. వెనకాల ఉండే ఆకుపచ్చ జాక్ బోర్డు మీదే ఉంటుంది. ముందు ఉండే జాక్ అలా కాదు. బోర్డు అంచు నుంచి ఒక సన్నని కేబుల్ గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచీ పవర్ వైర్ల పక్కనుంచీ కేబినెట్ అంతా తిరిగి ముందుకొస్తుంది. అందులో పోయేది అనలాగ్ సిగ్నల్ కాబట్టి దారిలో ఉన్న గోలంతా పోగేసుకుంటుంది.

మీ సిస్టమ్‌లో ఇదే జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక. పాట ఆపేసి, వాల్యూమ్ అలాగే ఉంచి, మౌస్ గబగబా కదపండి. ఒక పెద్ద పేజీ స్క్రోల్ చేయండి. గేమ్ ఒకటి తెరవండి. దాంతో పాటు చప్పుడు కూడా మారుతుంటే అది కేబినెట్ లోపలి గోలే. ఏం చేసినా మారకుండా ఫైల్ ప్లే అయినప్పుడు మాత్రమే స్‌స్‌మని సన్నగా వస్తుంటే అది రికార్డింగ్‌లో ఉన్నది. క్యాసెట్లకి అది సహజం, దాన్ని వదిలేయండి.

నేను ప్లగ్‌ని వెనక జాక్‌కి మార్చగానే చప్పుడు చాలావరకు పోయింది. మిగిలిన కాస్తా ఒక యూఎస్‌బీ-సీ డాంగిల్‌తో పోయింది. డాంగిల్‌లో చిటికెడు డాక్ ఉంటుంది, కేబినెట్ బయట. యూఎస్‌బీలో అంకెలే వెళ్తాయి కాబట్టి దారిలో గోల కలిసే అవకాశం తక్కువ. ఇక్కడ ఒక మోసం ఉంది: చవక డాంగిల్స్ కొన్నిటిలో డాక్ ఉండదు, ఉట్టి వైర్లే. అవి కొన్ని ఫోన్లలో పనిచేస్తాయి గానీ కంప్యూటర్‌కి పెడితే చడీచప్పుడూ ఉండదు. కొనేటప్పుడు "లోపల డాక్ ఉందా" అని అడగండి.

ఇంకో సంగతి. కేబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుందా? అయితే ఆ సాకెట్‌కి ఎర్తింగ్ లేదని అనుమానించాలి. మూడు కన్నాలున్నంత మాత్రాన మూడోదానికి వైరు ఉందని కాదు. అది ఆడియో సమస్య కంటే ముందు ప్రాణం సమస్య, వార్డెన్‌కి చెప్పి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: "ఆంప్ కొనాలా?" దీనికి అభిప్రాయం అక్కర్లేదు, లెక్క చాలు. ఫస్ట్ ఇయర్‌లో చదివిన వోల్టేజ్ స్క్వేర్ బై రెసిస్టెన్స్ గుర్తుందిగా. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో తీసుకోండి. అది 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో వస్తుంది, సెన్సిటివిటీ ఒక మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్. మన డాంగిల్ 1 వోల్ట్ ఇస్తుందనుకుందాం. 250 ఓమ్‌ల దానిలో 4 మిల్లీవాట్లు పుడతాయి, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ, మొత్తం 102. 32 ఓమ్‌ల దానిలో దాదాపు 31 మిల్లీవాట్లు, అంటే 111. మనం మామూలుగా వినేది సగటున 75, 80 మధ్య. తబలా దెబ్బ, డ్రమ్ దెబ్బ లాంటివి అంతకంటే ఓ 15, 20 పైకి లేస్తాయి. అంటే 250 ఓమ్‌లకి కూడా సరిపోతోంది. "250 ఓమ్స్ అంటే ఆంప్ కంపల్సరీ" అని సీనియర్ చెప్పాడని ఆంప్ కొనకండి, ముందు ఈ లెక్క వేయండి.

లెక్క వేసేటప్పుడు యూనిట్ చూడండి, నేను ఇక్కడా బోల్తా పడ్డాను. సెన్‌హైజర్ హెచ్‌డీ 600కి 97 అని రాస్తారు. 96 కంటే ఎక్కువే కదా అనుకున్నా. కానీ ఆ 97 మిల్లీవాట్‌కి కాదు, వోల్ట్‌కి. దాని 300 ఓమ్‌లతో మిల్లీవాట్‌లోకి మారిస్తే 92 దగ్గరే తేలుతుంది.

సరిపోయే వాల్యూమ్ దొరికింది కదా అని 100 దాకా పెంచుకుని కూర్చోకండి. అమెరికాలో ఉద్యోగుల చెవుల కోసం నియాష్ సంస్థ పెట్టిన హద్దు ప్రకారం 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు. 3 పెరిగినప్పుడల్లా టైమ్ సగమవుతుంది. 100 అయితే 15 నిమిషాలే. చెవికి అప్‌గ్రేడ్ ఏ షాపులోనూ లేదు.

కొత్త హెడ్‌ఫోన్స్ నిజంగానే కావాలనుకుంటే, ముందు పాతవాటి కుషన్లు చూడండి. రెక్సిన్ ఊడి, స్పాంజ్ అణిగిపోయి ఉంటే చెవి చుట్టూ సందులు పడతాయి, బేస్ అక్కడినుంచే కారిపోతుంది. కుషన్లు మారిస్తే చాలాసార్లు కొత్తవి కొన్నట్టే ఉంటుంది. తర్వాత ఈక్వలైజర్. విండోస్‌కి ఈక్వలైజర్ ఏపీఓ, లినక్స్‌కి ఈజీఎఫెక్ట్స్, రెండూ ఫ్రీ. ఆటోఈక్యూ అనే ప్రాజెక్టులో మీ మోడల్ పేరు వెతికితే రెడీమేడ్ సెట్టింగ్ దొరకొచ్చు. ఏ బ్యాండ్ పెంచినా ప్రీఆంప్‌ని అంతే తగ్గించండి, లేకపోతే గట్టి చోట్ల శబ్దం పగులుతుంది.

ఓపెన్ బ్యాక్ రకం గురించి రివ్యూల్లో తెగ పొగుడుతారు. నిజంగానే విశాలంగా వినిపిస్తుంది, మీతో పాటు రూమంతటికీ వినిపిస్తుంది. ముగ్గురున్న రూమ్‌లో, నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతుండగా, అది ఎందుకూ పనికిరాదు. క్లోజ్డ్ బ్యాక్ తీసుకోండి. బ్లూటూత్ వాడేవాళ్ళకి ఒక్క మాట: కాల్‌లో దాని మైక్ ఆన్ కాగానే పాట పాత ఫోన్ లైన్‌లో విన్నట్టు మారిపోతుంటే హెడ్‌ఫోన్స్ చెడిపోలేదు. మైక్ కోసం బ్లూటూత్ వేరే మోడ్‌లోకి వెళ్ళి నాణ్యత తగ్గించేస్తుంది. వేరే మైక్ పెట్టుకుంటే సరి.

192 కిలోహెర్ట్జ్ ఫైళ్ళ జోలికి నేను పోలేదు. మనిషి చెవి వినేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా. దానికి సీడీలో ఉండే 44.1 చాలు, నైక్విస్ట్ పాఠంలో చదివిందే.

తాతయ్య క్యాసెట్ ఇంకా తెనాలిలో పెదనాన్న బీరువాలో ఉంది. పంపిన ఫైల్ ఆయన దగ్గర లేదు, ఆ కంప్యూటర్ ఫార్మాట్ చేసేశారట. అందుకని సంక్రాంతి సెలవుల్లో సీపీయూ బాక్స్‌ని ఊరికి మోసుకెళ్ళి మళ్ళీ ఎక్కిస్తాను. ఈసారి వెనకాల ఉన్న నీలం రంగు లైన్ ఇన్‌లోనే పెడతాను, గులాబీ మైక్ జాక్‌లో కాదు. ఎంత గట్టిగా పాడినా మీటరు మైనస్ 6 దాటకుండా చూస్తాను. మొదటి కాపీని మూడు చోట్ల దాచి, ఆ తర్వాతే ఏ ప్రయోగమైనా. పెదనాన్న టేప్ రికార్డర్ బెల్టు తెగిపోయిందట. మీ ఇళ్ళలో ఎవరిదైనా పనిచేసేది ఉంటే క్లబ్ గ్రూపులో చెప్పండి, పది రోజులు అరువిస్తే చాలు.